ప్రెషర్ ట్యాంక్ కొనే ముందు ఇవి చూస్కోండ్రి

హన్మకొండ, కాజీపేట దిక్కు కొత్త ఇండ్లల్ల ప్రెషర్ పంపులు మస్తు పెడ్తున్నరు, దానికి జోడించి నీళ్లు ప్రెషర్ తోని నిల్వ ఉంచే ట్యాంక్ సైజు మాత్రం షాపాయన ఏదిస్తే అదే తెస్తున్నరు, అట్ల చేయకుండ్రి.

ముందు పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తదో బకెట్ పెట్టి కొలవండ్రి. చిన్న పంపైనా ఆన్ అయితే కనీసం ఒక నిమిషం నడవాలె, ఊకె ఆన్ ఆఫ్ అయితే మోటర్ జల్ది ఖరాబైతది. అంటే నిమిషానికి 30 లీటర్లు పోసే పంపుకు ట్యాంకుల 30 లీటర్లు వాడుకానికి దొరకాలె. 100 లీటర్ల ట్యాంకంటే 100 లీటర్ల నీళ్లు కాదు, సగం కన్నా ఎక్కువ గాలే ఉంటది, పంపు 30 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత) ఆన్ 50కి ఆఫ్ పెడితే వచ్చేది దగ్గర దగ్గర 30 లీటర్లే, అదే 24 లీటర్లదైతే 7.

గాలి చెక్ చేసేటప్పుడు కరెంట్ బంద్ చేసి, ట్యాంకుల నీళ్లన్నీ వదిలేసినంకనే టైర్ గేజ్ పెట్టండ్రి. ఆన్ ప్రెషర్ కన్నా 2 పీఎస్ఐ తక్కువుండాలె.