థీమ్ ప్రకారం సర్దిన ఈబుక్స్ వెతికితే దొరకడం లేదా?

"వృద్ధాప్యం మీద మంచి నవల ఏదైనా ఉంటే చెప్పు" అని ఎవరో అడుగుతారు. ఉందని తెలుసు, చదివామని కూడా తెలుసు. పేరు గుర్తురాదు, లైబ్రరీలో వెతికితే దొరకదు. నా దగ్గర ఈబుక్స్ వెయ్యి దాటాక ఇది మరీ ఎక్కువైంది. రచయిత పేరుతో సర్దడం కంప్యూటర్ తనంతట తానే చేస్తుంది, ఇతివృత్తంతో, అంటే థీమ్‌తో సర్దడం మాత్రం మనమే చేయాలి. తేడాలన్నీ అక్కడే వస్తాయి.

ఇక్కడ చెప్పిన మెనూలు కాలిబర్ అనే ఈబుక్స్ సర్దే సాఫ్ట్‌వేర్‌వి. ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వేరే యాప్ వాడేవాళ్ళకు మెనూ పేర్లు మారతాయి కానీ జబ్బులు ఇవే.

లక్షణం: ట్యాగ్‌లు వందల్లో ఉన్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో పుస్తకమే ఉంది

కారణం: ఆ ట్యాగ్‌లు, అంటే పుస్తకానికి తగిలించిన గుర్తు మాటలు, మీరు పెట్టినవి కావు. ఈపబ్ అనే రకం ఈబుక్ ఫైల్ లోపలే, పుస్తకం దేని గురించో చెప్పే మాటలు ప్రచురణకర్త రాసి ఉంచుతాడు. పుస్తకం చేర్చగానే కాలిబర్ వాటిని ట్యాగ్‌లుగా తీసుకుంటుంది. ఆపైన మెటాడేటా (పుస్తకం వివరాలు) డౌన్‌లోడ్ చేస్తే ఇంటర్నెట్ నుంచి ఇంకో పది వచ్చి పడతాయి. "ఫిక్షన్", "జనరల్", "లిటరరీ" లాంటివన్నమాట. అవి పుస్తకం అమ్మడానికి పనికొస్తాయి, మనం వెతుక్కోవడానికి కాదు.

ఏం చేయాలి: ట్యాగ్‌లను శుభ్రం చేస్తూ కూర్చోకండి. నేను రెండు ఆదివారాలు దానికే తగలేశాను, కొత్త పుస్తకాలు చేర్చగానే మళ్ళీ మొదటికే వచ్చింది. ట్యాగ్స్ కాలమ్‌ను దాని మానాన వదిలేసి మీకంటూ ఒక కాలమ్ తయారు చేసుకోండి. ప్రిఫరెన్సెస్‌లో సొంత కాలమ్స్ చేర్చే చోటుకి వెళ్ళి, ట్యాగ్స్‌లాగా కామాలతో విడదీసే రకాన్ని ఎంచుకోండి. పైకి కనిపించే పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. వెతకడానికి వాడే లోపలి పేరు మాత్రం చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉండాలి. కాలిబర్‌ను ఒకసారి మూసి తెరిస్తే కాలమ్ కనిపిస్తుంది. మీరు రాస్తే తప్ప అందులోకి ఏదీ రాదు.

లక్షణం: సొంత కాలమ్ ఉంది, అయినా ఏ పుస్తకం ఎక్కడ పెట్టాలో తేలడం లేదు

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. డిటెక్టివ్, యుద్ధం, పల్లెటూరు, పగ, హాస్యం, ఒంటరితనం అన్నీ ఒకే వరుసలో రాసేస్తాం. డిటెక్టివ్ అనేది కథ రకం, పల్లెటూరు కథ జరిగే చోటు, హాస్యం చెప్పే తీరు. వీటిలో థీమ్ అని చెప్పదగ్గవి పగ, ఒంటరితనం మాత్రమే. నాలుగు రకాల ప్రశ్నలకు ఒకే పెట్టెలో జవాబులు పోస్తే కలగాపులగం కాక ఏమవుతుంది?

గ్రంథాలయాల వాళ్ళకు ఇది పాత తలనొప్పే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణకు మూలం ఇదే ఆలోచన: ఒక పుస్తకానికి ఒక అర వెతకడం కాకుండా, దాన్ని వేర్వేరు కోణాల్లో విడివిడిగా గుర్తించి, ఆ గుర్తులను కలపడం. ఆయన కోణాలు ఐదు. కథల పుస్తకాలకు మనకు మూడు చాలు.

కాబట్టి కాలమ్స్ మూడు చేయండి: రకం, నేపథ్యం, థీమ్. థీమ్‌లో ఏది రాయాలో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. కథను వేరే ఊరికి, వేరే కాలానికి మార్చినా మిగిలేది ఏది? అన్నదమ్ముల ఆస్తి తగాదాను రాజుల కాలంలో పెట్టినా, అంతరిక్షంలో పెట్టినా తగాదా తగాదాగానే ఉంటుంది. అది థీమ్. మారిపోయేది నేపథ్యం. ఒక్కో పుస్తకానికి మూడుకు మించి రాయొద్దు. ఐదారు రాయాలనిపిస్తే, ఆ పుస్తకం దేని గురించో మీకింకా తేలలేదని అర్థం.

లక్షణం: సగం పుస్తకాలకు థీమ్ ఖాళీ, చూస్తేనే టెన్షన్

కారణం: ఆ పుస్తకాలు మీరింకా చదవలేదు. వెనక అట్ట మీది పరిచయంలో కథ తెలుస్తుంది, థీమ్ తెలియదు. "తప్పిపోయిన కూతురి కోసం తండ్రి వెతుకులాట" అని ఉంటుంది, చదివి ముగించాక అది తండ్రి అహంకారం గురించిన నవల అని తేలుతుంది. పరిచయం చూసి రాసిన థీమ్‌లను తర్వాత నేను సగానికి సగం మార్చాల్సి వచ్చింది.

ఏం చేయాలి: చదవని పుస్తకాలకు ఖాళీగానే ఉంచండి. "చదివాను" అని అవును, కాదు రకం కాలమ్ ఇంకొకటి పెట్టుకుని, చదివినవాటిలో థీమ్ లేనివి మాత్రమే చూపించేలా ఒక వర్చువల్ లైబ్రరీ చేసుకోండి. # గుర్తు, దాని వెంటే కాలమ్ లోపలి పేరు, తర్వాత కోలన్, ఫాల్స్ (false) అని వెతికితే ఆ కాలమ్ ఖాళీగా ఉన్న పుస్తకాలు వస్తాయి. పని ఉన్నట్టుండి చిన్నదైపోతుంది. పుస్తకం ముగించిన రోజే రాసేయండి, వారం ఆగితే పాత్రల పేర్లు కూడా గుర్తుండవు.

లక్షణం: థీమ్ రాశానని బాగా గుర్తు, వెతికితే కొన్నే వస్తున్నాయి

కారణం: స్పెల్లింగ్. "ఒంటరితనం" ఒకచోట, "ఒంటరి తనం" ఇంకోచోట. "వృద్ధాప్యం" ఒకసారి, "వృధ్ధాప్యం" మరోసారి. ఇవి కంటికైనా కనిపిస్తాయి. అసలు మాయ వేరే ఉంది. తెలుగులో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి కీబోర్డులు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. అది మాట చివర చేరిపోయిందంటే, రెండు మాటలూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు.

ఏం చేయాలి: ఎడమవైపు ట్యాగ్ బ్రౌజర్‌లో మీ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ తెరవండి. మొత్తం జాబితా, ఒక్కోదాని కింద ఎన్ని పుస్తకాలున్నాయో కనిపిస్తాయి. తప్పుగా ఉన్నదాని పేరును సరైన పేరుగా మారిస్తే రెండూ కలిసిపోతాయి. ఒకేలా కనిపించే పేరు రెండుసార్లు ఉంటే, చేత్తో దిద్దకండి, సరైనదాన్ని కాపీ చేసి రెండోదాని మీద పేస్ట్ చేయండి. ఆ తర్వాత నుంచి కొత్తగా టైప్ చేయకుండా, రెండక్షరాలు కొట్టగానే వచ్చే జాబితాలోంచి ఎంచుకోండి.

దీనికి తిరగేసిన జబ్బు కూడా ఉంది. "ప్రేమ" అని వెతికితే "ప్రేమరాహిత్యం" కూడా వచ్చేస్తుంది. మాట ముందు సమానం గుర్తు పెట్టి, రెండూ కలిపి కొటేషన్ గుర్తుల్లో ఉంచితే సరిగ్గా ఆ మాటే వెతుకుతుంది.

లక్షణం: "కుటుంబం" కింద మూడొందల పుస్తకాలు

మాట మరీ పెద్దది. చుక్కతో విడదీయండి: కుటుంబం.తండ్రీకొడుకులు, కుటుంబం.ఆస్తి, కుటుంబం.విడాకులు. ప్రిఫరెన్సెస్‌లో లుక్ అండ్ ఫీల్ కింద, ట్యాగ్ బ్రౌజర్ భాగంలో మీ కాలమ్‌ను అంచెలంచెలుగా చూపించమని చెప్తే, చెట్టు కొమ్మల్లా విడిపోతాయి. రెండు అంచెలు దాటొద్దు.

లక్షణం: ఒకే పుస్తకం రెండు మూడు ఫోల్డర్లలో కాపీలుగా ఉంది

థీమ్‌కో ఫోల్డర్ చేసినవాళ్ళ కష్టం ఇది. ఫోల్డర్లతో పుస్తకాన్ని రెండు చోట్ల పెట్టాలంటే కాపీ చేయక తప్పదు. ఫోల్డర్లు వదిలేసి పుస్తకాలన్నీ కాలిబర్‌లో చేర్చి, డూప్లికేట్లు తీసేయండి. చేర్చాక కాలిబర్ లైబ్రరీ ఫోల్డర్‌లోకి వెళ్ళి చేత్తో పేర్లు మార్చొద్దు, ఫైళ్ళు జరపొద్దు. ఏ ఫైల్ ఎక్కడుందో తన డేటాబేస్‌లో రాసుకుంటుంది కాబట్టి, మీరు జరిపితే దానికి దొరకదు.

లక్షణం: కథా సంపుటాలకు ఏ థీమూ కుదరడం లేదు

పదిహేను కథలకు పదిహేను థీమ్‌లుంటే పుస్తకానికి ఒకటి ఎలా కుదురుతుంది? సంపుటం అంతటా కనిపించే థీమ్ ఉంటే అదొక్కటే కాలమ్‌లో రాయండి. నచ్చిన కథల పేర్లు, పక్కన ఒక్కో ముక్కలో విషయం, కామెంట్స్‌లో రాసుకోండి. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కాలిబర్ పుస్తకాల లోపలి పాఠంలో కూడా వెతుకుతుంది. కథలో వాడిన మాట ఏదైనా గుర్తుంటే అలా కూడా పట్టుకోవచ్చు.

లక్షణం: కంప్యూటర్‌లో అంతా బాగుంది, ఈబుక్ రీడర్ పరికరంలోకి పంపితే థీమ్‌లు మాయం

కోబో రీడర్ అయితే కాలిబర్‌లో ఆ పరికరం సెట్టింగ్స్ తెరిచి, ఏ కాలమ్‌తో కలెక్షన్లు చేయాలో అక్కడ మీ కాలమ్ పేరు ఇవ్వండి. పుస్తకాలు ఆ అరల్లోకే వెళ్తాయి. కొత్త కిండిల్‌లలో ఈ దారి లేదు, కలెక్షన్లు కిండిల్‌లోనే చేత్తో చేసుకోవాలి. లేదంటే ప్లగ్‌బోర్డ్ అనే సదుపాయంతో, పంపేటప్పుడు మాత్రం శీర్షిక ముందు థీమ్ చేరేలా చేయొచ్చు. అప్పుడు శీర్షికల వరుసలో పెడితే ఒక థీమ్ పుస్తకాలన్నీ ఒకచోట చేరతాయి. చూడ్డానికి అంత అందంగా ఉండదు, నేను మాత్రం అదే వాడుతున్నాను.

ఒక జాగ్రత్త. ఆ తెర ఇంట్లో వాళ్ళు కూడా చూస్తారనుకుంటే "మిత్రద్రోహం" లాంటి థీమ్ శీర్షికలో పెట్టకండి. డిటెక్టివ్ నవల ముందు అది కనిపించాక చదివేవాళ్ళకు మిగిలేదేమీ ఉండదు. మా ఇంట్లో దీని మీద గొడవే అయింది.