ఆవు మెడలో మేత ప్రయాణం చూడటం ఎలా?

నోటి నుంచి పొట్టకు మేత తీసుకెళ్లే గొట్టమైన అన్నవాహిక ఎలా పనిచేస్తుందో చూడాలంటే విశాఖలో ఆవు కోసం వెతకనక్కర్లేదు. రైతు బజార్ల బయట కాబేజీ ఆకులు తిని, కాస్త నీడ దొరికిన చోట పడుకొని నెమరేస్తూనే ఉంటాయి. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూపించలేనిది వాటి మెడ చూపిస్తుంది. పశువులున్న ఇంట్లో ఈ పని అందరికీ తెలిసి ఉండాలి.

1. నెమరేస్తున్న ఆవుకు ఎడమ పక్కన, నాలుగడుగుల దూరంలో కూర్చోండి. గొంతు దగ్గర శ్వాసనాళం వెనక మొదలయ్యే అన్నవాహిక, మెడ కిందికి వచ్చేకొద్దీ ఎడమకు ఒరుగుతుంది. అందుకే ఆ పక్క నుంచే బాగా కనిపిస్తుంది.

2. దవడ ఆగేదాకా ఓపిక పట్టండి. గుటక పడగానే ముద్ద మెడ వెంట కిందికి జారుతుంది. కొన్ని క్షణాలు ఏ కదలికా ఉండదు. తర్వాత పక్కటెముకలు ఒక్కసారి విప్పారతాయి, ఇంకో ముద్ద చర్మం కింద ఉబ్బుగా పైకి దూసుకొస్తుంది. అది నోట్లోకి రాగానే చిన్న గుటక వేస్తుంది చూడండి, ముద్దలోని నీటిని ముందే మింగేస్తుందన్నమాట. ఆ తర్వాతే నమలడం. జూ పార్కులో జిరాఫీ నెమరేస్తుంటే ఇదే పని ఇంకా పొడవుగా కనిపిస్తుంది.

3. పందిలో ఇలా చూడలేం. మెడ పొట్టి, కొవ్వు మందం. అయినా లోపలి తేడాలు తెలుసుకోదగ్గవి. ఆవు, కుక్క అన్నవాహికల్లో చివరిదాకా చేతులూ కాళ్లూ కదిపే తరహా చారల కండరమే ఉంటుంది. పందిలో పొట్ట దగ్గరకొచ్చాక పేగుల్లో ఉండే తరహా నునుపు కండరం మొదలవుతుంది. మనిషిలోనైతే కింది భాగమంతా నునుపు కండరమే. పంది సులువుగా వాంతి చేసుకోగలదు, గుర్రం దాదాపు చేసుకోలేదు. పంది పొట్టలో అన్నవాహిక కలిసే చోట జిగురు స్రవించే గ్రంథులు ఉండవు. దాణా మరీ మెత్తని పిండిలా ఆడిస్తే అక్కడే పుండ్లు పడతాయి. పందులు పెంచేవాళ్లు ఈ ఒక్కటీ గట్టిగా పట్టించుకోవాలి.

4. ఆవు ఎడమ డొక్క మీద కూడా కన్నేయండి. పెద్ద పొట్టలో మేత పులిసి పుట్టే వాయువు తేన్పులుగా ఈ గొట్టం గుండానే బయటికి పోవాలి. మామిడి టెంకో, పనస తొక్క ముక్కో అడ్డుపడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆవు మెడ చాచి దగ్గుతుంది, చొంగ కారుతూనే ఉంటుంది, మింగబోయింది వెనక్కొస్తుంది. ఎడమ డొక్క డప్పులా బిగుస్తుంది. పొట్ట ఊపిరితిత్తులను నొక్కేస్తే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

5. అలా కనిపిస్తే మేత, నీళ్లు తీసేయండి. గొట్టంతో నూనె పోయడం మన ఊళ్లలో అలవాటే, కానీ దయచేసి ఆ పని చేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కర్రతో లోపలికి తోయకండి, అన్నవాహిక చిరిగిపోతుంది. పశువును పక్కకు ఒరగనీయకుండా నిలబెట్టి, ముందుకాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. ఏం తిన్నదో, డొక్క ఎప్పటి నుంచి ఉబ్బిందో ఆ ఫోన్‌లోనే చెప్పేయండి.