ప్రధాన సంఖ్యలతో చేతిలెక్క – 5వ పాఠం: 2147483647 సంగతి తేల్చడం

పోయిన పాఠంలో ఫెర్మా చిన్న సిద్ధాంతం చూశాం. ‘ప’ బేసి ప్రధాన సంఖ్య అయితే, 2కు (ప–1)వ ఘాతాన్ని ‘ప’తో భాగిస్తే శేషం 1. ఇవాళ దాన్ని పనిలో పెడదాం.

2³¹–1, అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. జావాలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు బాగా పరిచయమే, పూర్ణసంఖ్యలు దాచే ‘ఇంట్’లో పట్టే అతి పెద్ద విలువ ఇది. టైమును సెకన్లుగా లెక్కపెట్టుకునే పాత 32 బిట్ల కంప్యూటర్లలో ఆ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8:44:07 దాటగానే తప్పుతుందని అంటున్నదీ ఈ సంఖ్య దగ్గరే. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది.

దీని వర్గమూలం 46341కి కాస్త తక్కువ. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు వేలల్లో ఉంటాయి. అన్నిటితో భాగిస్తూ కూర్చుంటే తెల్లారదు. భాగించకముందే ఎన్నిటిని పక్కన పెట్టగలమన్నదే అసలు పని.

‘ప’ దీన్ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³¹కి శేషం 1. 31 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకు ముందు ఏ ఘాతానికీ 1 రాదు, ఆ తర్వాత 31కి ఒకసారే వస్తుంది. ఫెర్మా ప్రకారం (ప–1)వ ఘాతానికీ 1 రావాలి. కాబట్టి ప–1ని 31 భాగించాలి. అది సరిసంఖ్య కూడా. కాబట్టి ప = 62క + 1 (‘క’ ఏదో ఒక పూర్ణసంఖ్య).

నమ్మకం కుదరకపోతే చిన్నదాని మీద చూడండి. 2¹¹–1 = 2047 = 23 × 89. 22కి 1 కలిపితే 23, 88కి 1 కలిపితే 89.

ఇంకో వడపోత ఉంది. 2³²కి శేషం 2 కదా, 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ‘ప’ శేషాల్లో 2 ఒక వర్గం. అలా జరగాలంటే ‘ప’ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి (దీని నిరూపణ పెద్దది, ప్రస్తుతానికి నా మాట మీద తీసుకోండి). రెండు షరతులూ కలిపితే 248క + 1, 248క + 63 రూపాలే మిగులుతాయి. 46340 లోపు అలాంటివి 373. వాటిలో ప్రధాన సంఖ్యలు కానివీ పోతాయి: 63, 249 రెండూ 3కి లొంగుతాయి. మొదట నిలిచేది 311.

ఇక్కడా పెద్ద భాగహారం వద్దు, ఘాతాలు పెంచుకుంటూ పోదాం. 2⁸ = 256, అందులోంచి 311 తీస్తే –55. దాన్ని వర్గం చేస్తే 3025, శేషం 226, అంటే –85. –85ను –55తో గుణిస్తే 4675, కాబట్టి 2²⁴కి శేషం 10. దాన్ని 2⁷తో, అంటే 128తో గుణిస్తే 1280, శేషం 36. అందులోంచి 1 తీస్తే 35. సున్నా కాదు, 311 అవుట్. రుణ శేషాలు వాడటం అలవాటు చేసుకోండి, సగం శ్రమ తగ్గుతుంది.

ఆయిలర్ ఈ వరుసను చివరిదాకా నడిపాడు. దీన్నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్యే (తనను మినహాయించి మిగతా భాజకాలు కలిపితే తానే వచ్చేది) బహుశా ఎప్పటికీ దొరికేవాటిలో అతి పెద్దదని 1811లో గణితజ్ఞుడు పీటర్ బార్లో రాసేశాడు. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 39 అంకెల 2¹²⁷–1 ప్రధాన సంఖ్యేనని నిరూపించాడు, అదీ భాజకాలు వెతక్కుండా. ఆ పద్ధతి 6వ పాఠంలో.

అభ్యాసం: వరుసలో 311 తర్వాత నిలిచే ప్రధాన సంఖ్య 1303. 2¹⁰ = 1024ను –279గా తీసుకుని మొదలుపెట్టండి. చివర 1 తీశాక 226 మిగలాలి.