ఆ వింత గుడ్డు ఏ పెట్టది?

గంపలో వింత గుడ్డు కనబడగానే చాలామంది మరునాడు పొద్దున్నే గూటి ఎదుట పీట వేసుకుని కాపలా కూర్చుంటారు. దండగమారి పని. మనిషి అలికిడికి పెట్ట గుడ్డు బిగబట్టుకుంటుంది, లేకపోతే కంచె కింద దూరి ఏ పొదలోనో పెట్టి వస్తుంది. అరుపును నమ్ముకున్నా అంతే. ఒకటి పెట్టి లేచి అరిస్తే మిగతావన్నీ తామే పెట్టినట్టు వంత పాడతాయి.

చంద్రగిరిలో మా పెరట్లో నాటు పెట్టలతో పాటు, పెరటి పెంపకానికని తయారుచేసిన గ్రామప్రియ జాతి పెట్టలు రెండు తిరుగుతుంటాయి. ఈ మధ్య దొరికిన గుడ్డు లేత గోధుమ రంగులో ఉంది. సన్నని కొన దగ్గర చీర కుచ్చిళ్లలా ముడతలు, నడుము చుట్టూ తేలిన గట్టు. గోటితో గీస్తే సున్నం రాలింది.

ఇలాంటిది దొరికితే ముందు పెన్సిలుతో దాని మీదే తేదీ, దొరికిన చోటు రాసిపెట్టండి. తోలుగుడ్డు, అంటే పెంకు గట్టిపడని మెత్తటి గుడ్డు విషయంలో చోటే సగం జవాబు. అది తరచుగా గంపలో కాక, రాత్రి కోళ్లు ఎక్కి పడుకునే కర్ర కింద దొరుకుతుంది. కోళ్లు చాలావరకు రోజూ ఒకే వరుసలో కూర్చుంటాయి. చీకటి పడ్డాక టార్చి వేసి సరిగ్గా ఆ చోటికి పైన ఎవరున్నారో చూడండి.

రంగు కొంతవరకే సాయం చేస్తుంది. గ్రామప్రియ గుడ్డు గోధుమ రంగు. నాటు పెట్టలవి మీగడ రంగు నుంచి లేత గోధుమ దాకా ఉంటాయి. గోధుమ రంగు పెట్టే పెట్ట తెల్ల గుడ్డు పెట్టదు గానీ, రంగు పలచబడవచ్చు. పెంకు మీద ఆ రంగు చాలావరకు చివరి కొన్ని గంటల్లోనే పడుతుంది. ఆ సమయంలో కుక్క తరిమితే చాలు, గుడ్డు వెలవెలబోతుంది. చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్ల గుడ్డనే మాట మేలుజాతి కోళ్లకు కొంత సరిపోతుందేమో, మన ఊరి సంకరాల్లో నేను పట్టించుకోను.

అసలు పని పెట్టను చేతిలోకి తీసుకోవడమే. రాత్రి కర్ర మీది నుంచి దింపితే గోల ఉండదు. గుడ్డు వచ్చే ద్వారానికి ఇరుపక్కలా సన్నని ఎముకల కొనలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెట్ట గుడ్లు పెడుతున్నట్టే. ఒక్క వేలు కూడా కష్టంగా పడుతుంటే దాన్ని వదిలేయండి. పెట్టే కోడికి ద్వారం తడిగా, వెడల్పుగా ఉంటుంది, తురాయి ఎర్రగా మెరుస్తుంది. పెట్టని దానికి ద్వారం పొడిగా, గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది. పొదుగుతున్నవీ, ఈకలు రాల్చుతున్నవీ ఎలాగూ లెక్కలోంచి పోతాయి.

మిగిలినవాటిని మా అత్తగారు పొద్దున గంప ఎత్తేముందు పట్టి చూసేవారు. కడుపు కింద అరచెయ్యి ఆనించి మెత్తగా తడిమితే, ఆ రోజు పెట్టబోయే దానికి గట్టిగా తగులుతుంది. నొక్కకండి. లోపల పగిలితే పెట్ట ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు అనుమానం ఉన్నవాటిని చెట్టు నీడలో ఒక్కోదాన్ని ఒక్కో గంప కింద మూయండి. గడ్డి, నీళ్లు, గుప్పెడు నూకలు ఉండాలి. గుడ్డు తయారవడానికి 24 గంటలకు కాస్త ఎక్కువే పడుతుంది కనుక పెట్ట రోజురోజుకూ ఆలస్యంగా పెడుతూ పోయి ఒక రోజు మానేస్తుంది. అందుకే ఒక్క రోజు చూసి తీర్పు చెప్పకూడదు. పైగా పట్టుకున్న బెదురుకే గుడ్డు లోపల ఆగి, పైన మరో పొర సున్నం పేరుకోవచ్చు. మొదటి రెండు రోజుల వింతలను సాక్ష్యంగా తీసుకోవద్దు.

అన్ని గంపలు లేనివారికి రంగు ఉపాయం ఉంది. రాత్రి ఒక పెట్ట ద్వారం చుట్టూ మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగు చిక్కగా కలిపి పూయండి, ఇంకోదానికి నీలం. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు పైపొర తడిగా ఉంటుంది కనుక చార అంటుకుంటుంది. ఎరుపు మాత్రం వద్దు. ఎర్రగా కనబడిన చోట మిగతా కోళ్లు పొడుస్తాయి, అలా మొదలైన పొడుపు పుండు దాకా పోతుంది. ఏ రంగు చారా లేని గుడ్డు వస్తే పక్కింటి పెట్టను కూడా అనుమానించండి. మా గంపలో పెట్టి పోయే అతిథి ఒకతి ఉంది.

మా ముడతల గుడ్డు నల్లపెట్టది, అన్నిటికంటే ముసలిది. వయసు మళ్లాక తెల్లసొన నీళ్లయి, దాని మీద పెంకు బిగువుగా కుదరదు. రెండు పచ్చసొనల గుడ్డు, పచ్చసొనే లేని చిన్న గోలీ గుడ్డు కొత్తగా పెట్టే పడుచు పెట్టలవి కావడం ఎక్కువ. వాటికి వైద్యమేమీ అక్కరలేదు. ఎండాకాలంలో రొప్పే కోళ్లకు పెంకు పలచబడుతుంది. ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెట్టి, నీడ, చల్లని నీళ్లు చూడండి.

ఒకేసారి చాలా పెట్టలు ముడతల గుడ్లు పెడుతూ తుమ్ముతుంటే పెట్టను వెతకడం మానేసి పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. అది శ్వాసకోశానికి వచ్చే అంటువ్యాధి కావచ్చు.

నల్లపెట్ట గుడ్లు కూరకు బాగానే ఉన్నాయి. పొదగవేయడానికి మాత్రం వాటిని వాడను. అలాంటి పెంకులోంచి తేమ త్వరగా పోతుంది, పెట్ట బరువుకు చిట్లితే పక్క గుడ్లూ పాడవుతాయి.