అంకెల నుంచి శిల్పం – 3వ పాఠం: సప్తర్షి మండలం లోతు

గత పాఠంలో నేర్చుకున్న పారలాక్స్ (భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుండగా నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించే కోణం) లెక్కతో ఈసారి సప్తర్షి మండలాన్ని నిలబెడదాం. కొలతలను హిప్పార్కోస్ అనే ఉపగ్రహపు నక్షత్రాల జాబితా నుంచి తీసుకోండి. 1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన ఆ ఉపగ్రహపు కొలతలు 1997లో వెలువడ్డాయి. 2007లో వాటిని సవరించారు. గయా ఉపగ్రహం ఇంకా సూక్ష్మంగా కొలిచేదే అయినా, ఇంత కాంతివంతమైన నక్షత్రాలు దానికి మిరుమిట్లు గొలిపేవి కనుక ఇక్కడ పాత జాబితాయే మేలు.

3,262ను మిల్లీ ఆర్క్‌సెకండ్లలోని (డిగ్రీలో 36 లక్షల వంతు ఒక మిల్లీ ఆర్క్‌సెకండు) పారలాక్స్‌తో భాగిస్తే దూరం కాంతి సంవత్సరాలలో వస్తుంది. క్రతువు అనే నక్షత్రపు పారలాక్స్ 26.54 కాబట్టి దూరం 123. మిగిలినవి సుమారుగా పులహుడు 80, పులస్త్యుడు 83, అత్రి 81, అంగిరసుడు 83, వసిష్ఠుడు 83, మరీచి 104. ఒక కాంతి సంవత్సరానికి ఒక సెంటీమీటరు చొప్పున తీసుకుందాం.

130 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు గల చెక్కపలక ఒక చివర, 25 సెం.మీ. ఎత్తున కంటిరంధ్రం ఉన్న అట్ట నిలపండి. అక్కడికి 50 సెం.మీ. దూరంలో నక్షత్రపటాన్ని నిలువుగా, క్రతువు–మరీచి గీత అడ్డంగా, దాని మధ్యబిందువు రంధ్రానికి సూటిగా ఉండేలా పెట్టండి. ఆకాశంలో ఆ రెండింటి మధ్య కోణం దాదాపు 25.7 డిగ్రీలు, అందువల్ల పటంలో వాటి ఎడం 22.8 సెం.మీ. ఉండాలి. ఇప్పుడు రంధ్రం దగ్గర కట్టిన దారాన్ని పటంలోని నక్షత్రబిందువు గుండా బిగువుగా లాగి, దారం వెంబడే దూరం కొలిచి, అది ముగిసిన చోట కొనపై పూస ఉన్న చువ్వను పలకలో దిగేయండి. పలక మీద కొలిస్తే క్రతువు దగ్గర 3 సెం.మీ. తేడా వస్తుంది, మధ్యలోని ఐదు నక్షత్రాల మొత్తం లోతే అంత!

చువ్వలకు పాత సైకిలు చువ్వలు శ్రేష్ఠం. నేను తొలిసారి బైండింగ్ వైరు వాడితే, ఫ్యాను వేయగానే ఋషులందరూ తలలూపారు.

పటం, దారం తీసేసి రంధ్రంలోంచి చూస్తే పరిచితమైన గరిటె ఆకారం కనిపిస్తుంది. పక్కకు వచ్చి చూడండి: ఐదు పూసలు ఒక్కచోట గుమిగూడి ఉంటాయి, మరీచి 20 సెం.మీ. వెనక, క్రతువు 40 సెం.మీ. వెనక ఒంటరిగా నిలుస్తారు. ఆ ఐదూ ఆకాశంలో ఒకే దిశగా కదులుతున్నాయని 1869లో రిచర్డ్ ప్రాక్టర్ గుర్తించాడు. వాటికి ఒకే రంగు పూసలు వాడండి.

వచ్చే పాఠంలోగా అరుంధతిని కూడా నిలపండి. పారలాక్స్ సుమారు 40.