1899 నాటి సెవానీ ఫుట్‌బాల్ సీజన్ పట్టికను చదవడం ఎలా

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, కొండమీది చిన్న ఊరైన సెవానీలో ఉన్న విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1899లో 12 ఆటలు ఆడి అన్నింటిలోనూ గెలిచింది. మొత్తం 322 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు 10 మాత్రమే ఇచ్చింది. ఈ పట్టికను నేటి అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలతో చదివితే తప్పుడు అర్థాలే వస్తాయి కనుక, ముందుగా ఆ ఏటి నియమాలను దగ్గర పెట్టుకోవాలి.

అప్పట్లో టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడానికి) 5 పాయింట్లు, దాని తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నగలిగితే మరొకటి, ఫీల్డ్ గోల్‌కు (ఆట సాగుతుండగా బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడానికి) 5, సేఫ్టీకి (బంతి ఉన్న ప్రత్యర్థిని వారి సొంత గోల్ గీత వెనుకే ఆపడానికి) 2 లభించేవి. టచ్‌డౌన్ విలువ 6కు పెరిగింది 1912లోనే. బంతిని ముందుకు విసరడానికి 1906 వరకు అనుమతి లేదు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు వెళ్లాలి కనుక, ఆట చాలావరకు గుంపుగా తోసుకుంటూ సాగేది.

ఇప్పుడు స్కోర్లను విడదీయండి. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టుపై వచ్చిన 34లో నాలుగు టచ్‌డౌన్లకు అదనపు పాయింటు దక్కి, రెండింటికి దక్కలేదని ఊహించవచ్చు. అయితే ఇది ఊహ మాత్రమే. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంపై సాధించిన 5–0 ఒక టచ్‌డౌన్‌తోనైనా, ఒక ఫీల్డ్ గోల్‌తోనైనా రావచ్చు కనుక, అంకెను చూసి ఆట తీరును తేల్చకుండా ఆనాటి పత్రికల వార్తలతో సరిచూడాలి.

తర్వాత తేదీలను, ఊళ్లను పటంమీద గుర్తించండి. నా దృష్టిలో ఈ సీజన్ గొప్పదనమంతా ఇక్కడే తెలుస్తుంది. నవంబర్ 9న ఆస్టిన్‌లో టెక్సస్‌పై 12–0, 10న హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎంపై 10–0, 11న న్యూ ఆర్లియన్స్‌లో టులేన్‌పై 23–0. 12వ తేదీ ఆదివారం కావడంతో విరామం. 13న బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూపై 34–0, 14న మెంఫిస్‌లో మిసిసిపీపై 12–0. ఆరు రోజుల్లో ఐదు ఆటలు ఆడుతూ, దాదాపు 2,500 మైళ్లు రైలులో తిరిగిన ఆ కుర్రాళ్లు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదంటే, అది నిజంగా చేతులెత్తి మొక్కదగిన సహనం.

ఇలాంటి ప్రయాణం ఎందుకు పెట్టుకున్నారన్నది కూడా తెలుసుకోవాలి. ఆ రోజుల్లో ఆటల ఏర్పాట్లు విద్యార్థి మేనేజర్ చేతుల్లో ఉండేవి. సెవానీకి ఆ బాధ్యత వహించిన ల్యూక్ లీ తరువాత అమెరికా సెనేటర్ అయ్యాడు. టికెట్ల రాబడి పంపకంపై వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో తగాదా వచ్చి ఆ పోటీ జరగకపోవడంతో, ఆ లోటును ఇతర ఊళ్లలో ఆడి పూడ్చుకోవలసి వచ్చింది. కోచ్ బిల్లీ సూటర్, కెప్టెన్ హెన్రీ సీబెల్స్ పేర్లతో పాటు మేనేజర్ పేరునూ మీ నోట్సులో రాసుకోవడం న్యాయం.

చివరగా, గెలుపులన్నింటినీ ఒకే త్రాసులో తూచకండి. కంబర్లాండ్‌పై వచ్చిన 71–0 కంటే, నవంబర్ 30న ఆబర్న్‌పై చావుతప్పి సాధించిన 11–10 ఆ జట్టు గురించి ఎక్కువ చెబుతుంది. సీజన్ మొత్తంలో వారిపై పాయింట్లు సాధించింది ఆబర్న్ ఒక్కటే. ఆ గట్టి పోరు ముగిసిన రెండు రోజులకే, డిసెంబర్ 2న, అట్లాంటాలో నార్త్ కరోలినాతో తలపడ్డారు.