వానలు తగ్గాక ఆర్‌సీ విమానం తీస్తున్నారా? ముందు ఎలివేటర్ చూడండి

వానాకాలమంతా అటక మీదున్న ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానాన్ని దించి, బ్యాటరీ చార్జ్ చేసి నేరుగా మైదానానికి పట్టుకెళ్లకండి. ముందు దాని తోక దగ్గర కాసేపు కూర్చోండి. ముక్కును పైకీ కిందికీ తిప్పేది అక్కడ అడ్డంగా ఉండి కదిలే పలక, ఎలివేటరే. ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ కాస్త తేడాగా ఉన్నా ఎలాగోలా దింపుకోవచ్చు. ఎలివేటర్ తప్పితే దిద్దుకునే టైమ్ కూడా ఉండదు.

ప్రొపెల్లర్ విప్పేయండి. ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్ చేశాకే విమానానికి బ్యాటరీ పెట్టండి. విమానం వెనక నిలబడి స్టిక్‌ను మీ వైపు లాగండి. మోడ్ 2 అనే స్టిక్‌ల అమరికలో అది కుడి చేతి స్టిక్. ఎలివేటర్ వెనక అంచు పైకి లేవాలి. ఎగిరేటప్పుడు అలా లేస్తే గాలి తోకను కిందికి నొక్కుతుంది, ముక్కు పైకి లేస్తుంది. ఒకసారి నేను సర్వో (ఎలివేటర్‌ను కదిపే చిన్న మోటార్) మార్చి, కదులుతోందా అని చూశానే తప్ప ఎటు కదులుతోందో చూడలేదు. చేత్తో విసరగానే ముక్కు వాలింది. భయంతో స్టిక్ ఇంకా లాగాను. అది ఇంకా నిటారుగా వచ్చి నేలకు కొట్టుకుంది. అలాంటప్పుడు ఎవరి చెయ్యైనా లాగడానికే పోతుంది.

తర్వాత ఎలివేటర్‌ను రెండు వేళ్లతో పట్టి మెల్లగా కదపండి. సర్వో కదలకుండా ఎలివేటర్ మాత్రం వదులుగా ఆడుతుంటే హార్న్ (ఎలివేటర్‌కు బిగించిన చిన్న కొమ్ము) స్క్రూలు, పుష్‌రాడ్ (సర్వో నుంచి దానికి వచ్చే కడ్డీ) దూరే రంధ్రం, హింజ్ (కీలు) జిగురు చూడాలి. అటక మీద ఎలుకలుంటే వైర్లు కూడా.

ఉబ్బిన పాత బ్యాటరీ తీసేసి చిన్నది పెట్టారా? ముక్కులో బరువు తగ్గి సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) వెనక్కి జరుగుతుంది. అప్పుడు స్టిక్ కొంచెం కదిపినా విమానం ఎగిరెగిరి పడుతుంది, ట్రిమ్‌తో (స్టిక్ వదిలినా విమానం సమంగా పోయేలా చేసే చిన్న సర్దుబాటు) అది కుదరదు. మామూలు ట్రైనర్‌కి (నేర్చుకునేవాళ్ల విమానం) రెక్క వెడల్పు, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకు, 20 సెం.మీ. అయితే, ముందు అంచు నుంచి 5, 6 సెం.మీ. దగ్గర వేళ్ల మీద నిలబెట్టినప్పుడు సమంగా ఉండాలి. ముక్కు కాస్త వాలినా పర్లేదు.

ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఎంత చురుగ్గా ఉండాలో చెప్పే సెట్టింగ్) పెట్టేటప్పుడు ఫ్యుటాబా రిమోట్‌లో మైనస్, స్పెక్ట్రమ్ రిమోట్‌లో ప్లస్ పెడితే స్టిక్ మధ్యలో మెత్తబడుతుంది. తారుమారైతే మరీ చురుగ్గా మారుతుంది.

మొదటి ఫ్లైట్‌లో వంద అడుగులు దాటాక ట్రిమ్ చూసుకోండి. తర్వాత ఇంకా ఎత్తుకు తీసుకెళ్లి, థ్రాటిల్ (మోటార్ వేగం) తగ్గించి, స్టిక్ నెమ్మదిగా లాగుతూ ఎక్కడ స్టాల్ అవుతుందో, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయో గమనించండి. ముక్కు గానీ రెక్క గానీ వాలగానే స్టిక్ వదిలి థ్రాటిల్ ఇవ్వండి. దిగేటప్పుడు ఎత్తు చాలదనిపిస్తే ఎలివేటర్ లాగకండి, థ్రాటిల్ పెంచండి.